బ్రౌనుదొరయు గ్రంథపాలకుడును

మన మహాసభ సంచికయందు ఏటేట ఒక మహనీయుని చరిత్రమును ప్రకటించుట ఆనవాయితీ. ఈ యేట మేమెన్నుకొన్న పురుషుడు మన కులమువాడు కాడు. మన మతమువాడును కాడు. ఈ దేశమున బుట్టియు పరదేశీయుడుగనే జీవించినవాడు. ఆయనయే చార్లెస్ ఫిలిప్ బ్రౌను. తెలుగు చదువుకొన్న ప్రతి యింటను బ్రౌణ్యనిఘంటువు పేరు వినబడుచునే యున్నది. వేమన పద్యములను వెలికిదీసిన దొర యని పాఠశాలలోని బాలురు సైతము ఆయనను ఎఱుగుదురు. కావున ఆయన ఘనతను వర్ణించుటకు మేము పూనుకొనలేదు. ఆయన పుస్తకములనెట్లు వెదకెను, వెదకువేళ గ్రంథపాలకునితో ఎట్లు మెలగెను, ఈ యొక్క విషయమే మాకు కావలసినది.

ఇప్పుడీ ప్రసంగమేల యని కొందఱు పోషకులు శంకింతురేమో. సంఘ కార్యాలయమునకు యువకులనుండి జాబులు తఱచుగా వచ్చుచుండును. మా వంశము కొండవీటిసీమనుండి ఎన్నడు కదలివచ్చినది, మా తాతముత్తాతలు త్రవ్వించిన చెఱువునకు శాసనమేమైన కలదా, మనవారు పత్తిబేరమును ఎప్పుడారంభించిరి అని అడుగుచుందురు. గ్రంథాలయమునకు పొమ్మని మేము ప్రత్యుత్తరము వ్రాయుదుము. పోయినవారిలో పలువురు ఒకపూట గడపి, అచ్చట ఏమియు లేదని తిరిగివచ్చుచున్నారు. లేక కాదు; అడుగు విధము తెలియక. దీని ఫలమేమనగా, కులచరిత్రములనబడు చిన్నపుస్తకములలో సగము పుక్కిటిపురాణములును, సగము ఒకరి వ్రాతనుండి మఱియొకరు ఎత్తివ్రాసినవియు నగుచున్నవి. అన్యులు చదివి నవ్వినచో మనకు కోపము వచ్చును గాని, నవ్వుటకు తావిచ్చుచున్నది ఆ వ్రాతయే. ఈ వెలితిని తలచియే బ్రౌనుదొర చరిత్రమును చేపట్టితిమి.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. 1812లో కాలధర్మము నొందెను. కుటుంబము ఇంగ్లండునకు తరలిన పిమ్మట కుమారుడు హెయిలీబరీ కళాశాలలో చదివి, కుంపిణీ కొలువునకు ఎన్నికై 1817లో మద్రాసునందు దిగెను. అచ్చటి సెంటు జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులుగారి యొద్ద తెలుగు అభ్యసించెను. 1820లో కడపకు ఉద్యోగియై పోయెను. పిమ్మట మచిలీపట్టణము, రాజమహేంద్రవరము, మరల కడప, ఇట్లు కుంపిణీవారు పంపిన తావులకెల్ల తిరుగుచుండెను.

1824లో ఆయన కంటబడిన డుబాయి మతగురువు గ్రంథమున వేమన యను కవి పేరుండెను. ఆ పేరొక్కటి ఆధారము. నాటికి తెలుగుదేశమున నేటివంటి ప్రజాగ్రంథాలయము లేదు. తాళపత్రములు బ్రాహ్మణుల అటుకలమీదను, మఠములలోను, కరణముల పెట్టెలలోను ఉండెను. వేమన పద్యములన్ననో, పండితులు వానిని పుస్తకముగ గణింపనే లేదు. ఏ గ్రంథము ఎవరియింట నున్నదో ఎఱిగిన పండితులే ఆ కాలమునకు గ్రంథపాలకులని చెప్పవలెను. దొర వారినాశ్రయించెను. తిప్పాభొట్ల వేంకటశివశాస్త్రియు, వఠ్యము అద్వైతబ్రహ్మయ్యయు ఆయనకు ఛందస్సును బోధించిరి. కడపలో ఆయన ఒక బంగళాను కొని పండితులను, వ్రాయసగాండ్రను అందు నిలిపి జీతములిచ్చి పోషించెను. అయోధ్యాపురము కృష్ణారెడ్డి ఆ పనికి పెద్దయై నడపెను. జనులు దానిని బ్రౌను కాలేజియనిరి.

అచ్చట జరిగిన పనియొక్క తీరు గమనింపదగినది. ఒక కావ్యమునకు ఒక్క ప్రతి దొరకినంతమాత్రమున దొర తృప్తినొందలేదు. దొరకినన్ని ప్రతులు తెప్పించి, ఒకదానితో నొకటి సరిచూపించి, పాఠభేదములను గుర్తింపజేసి, శుద్ధప్రతిని వ్రాయించెడివాడు. వేమన పద్యములు ఇట్లే వేలకొలదిగ చేరినవి. వానినుండి ఏఱి 693 పద్యములను ఆంగ్లానువాదముతో 1829లో అచ్చొత్తించెను. జీతమంతయు చాలక అప్పులపాలైనను పని మానలేదు. ధనమున్న వారెందఱో ఆనాడు ఈ జిల్లాలలో నుండిరి. ఈ వ్యయమును భరించినవాడు మాత్రము పరదేశి. ఈ మాట మన పోషకులకు రుచింపకపోవచ్చును గాని, నిజము.

ఇంక మన గుంటూరుసీమతో ఆయనకుగల సంబంధమును చెప్పవలసియున్నది. నందననామ సంవత్సరమున, అనగా 1832-33లో, ఈ మెరకసీమ యంతయు మాడిపోయెను. నేడు మిరపకల్లములతో ఎఱ్ఱబాఱియుండు ఈ నేలమీద ఆనాడు ఆకలిచే జనులు కుప్పలుగ పడి చనిపోయిరి. దానినే మన పెద్దలు డొక్కల కఱవనిరి. జిల్లా జనసంఖ్య సుమారు అయిదులక్షలుండగా, లక్షన్నర మొదలు రెండు లక్షలవఱకు మరణించిరని లెక్కలు కలవు. కృష్ణకు ఆనకట్ట ఇంకను లేదు. అది 1855లోగాని పూర్తికాలేదు. ఆ కఱవునాటికి బ్రౌను ఇచ్చట కుంపిణీ అధికారిగ నుండి, ఆర్తులకు తన చేతనైన సాయము చేసెను. పైవారికి పంపిన కాగితములలో తక్కిన అధికారులు ధాన్యము కొఱత, ధరల పెఱుగుదల యని మెత్తని మాటలు వాడుచుండగా, ఈయన కఱవనియే వ్రాసెను. అందులకు పైవారు మందలించిరి. కఱవని యొప్పుకొన్నచో శిస్తు మాఫీ చేయవలెను, గంజి పోయవలెను, ఆ మాటయందు అంత బరువున్నది. 1834లో ఆయన ఉద్యోగము పోయెను. ఈ మాటయే దానికి కారణమని మేమనము. అయినను, పదముల అర్థమునకు జీవితమంతయు ధారపోయబోవు మనుజునికి, సరియైన మాట వాడినందులకు దక్కిన మందలింపు ఈ గుంటూరు మన్నున దక్కినదని మఱువరాదు. తరువాత ఆయన వ్రాసిన నిఘంటువునందు కఱవను పదమునకు ఆంగ్లమున ఏ మాట నుంచెనో చూడగోరువారు చూచుకొనవచ్చును. పైవారికి కంటగింపైన మాటయే అది.

1835లో ఆయన ఇంగ్లండునకు మరలెను. ఉద్యోగము లేదు, అప్పులున్నవి. ఇట్టి స్థితిలో మఱియొకడైనచో బంధువుల యిండ్లకు తిరుగుచు సిఫారసులు వెదకుకొనుచుండును. బ్రౌను లండనులోని కుంపిణీవారి ఇండియా హౌసు గ్రంథాలయమునకు పోవ మొదలిడెను. 1836లో ఆ గ్రంథాలయమునకు పాలకుడైనవాడు హోరేసు హేమన్ విల్సను. ఆయన సంస్కృతమున మహాపండితుడు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. కలకత్తాలో నుండగా కర్నలు మెకంజీ సేకరించిన కైఫీయతులకును, వ్రాతప్రతులకును 1828లో పట్టికను ప్రకటించినవాడు. అట్టివానికిని మన దక్షిణదేశభాషలు రావు. మెకంజీ సేకరణపు పట్టికను సైతము దేశీయ పండితులు వ్రాసియిచ్చిన సంగ్రహములను ఆధారము చేసికొనియే కూర్చెను.

ఆ గ్రంథాలయమున ఒక మూల, దక్షిణదేశ భాషలలోని వ్రాతప్రతుల రాశి యొకటి పడియుండెను. అది డాక్టరు జాన్ లేడెను సేకరణము. ఈ లేడెను స్కాట్లండు దేశపు వైద్యుడు, బహుభాషావేత్త; 1803లో మద్రాసు చేరి, దక్షిణదేశమున తిరిగి పుస్తకములు సంపాదించి, 1811లో జావా ద్వీపమున మరణించెను. ఆయన పుస్తకములను కుంపిణీవారు కొని లండనుకు చేర్చిరి. చేర్చి, పాతికేండ్లు ఊరకుండిరి. ఎవరును ఆ పుస్తకములను దొంగిలింపలేదు, దాచలేదు, చెడగొట్టలేదు. అవి అలమారులలోనే యున్నవి. చదువగలవాడు లేనందున మాత్రమే లేనివాని క్రింద జమకట్టబడినవి. మన యువకులు అచ్చట ఏమియు లేదని తిరిగివచ్చుట ఇట్టి సందర్భములలోనే యని మా యభిప్రాయము.

బ్రౌను ఆ రాశిని గుర్తించెను. విల్సనుతో కలసి దక్షిణభాషా గ్రంథములను విడదీసి, ఏది ఏ భాషదో, ఏ కావ్యమో నిర్ణయించి, వానికి పట్టిక యేర్పడునట్లు పనిచేసెను. ఈ యిరువురి పొత్తును తలచినప్పుడు మాకు తోచునదేమనగా, గ్రంథపాలకుడు సర్వజ్ఞుడు కానక్కఱలేదు. అలమారు లెచ్చట నున్నవి, పుస్తకము ఏ దారిని వచ్చి చేరినది, దాని పెట్టెకు తాళము ఎవరిచేత నున్నది, ఇవి ఆయనకు తెలియును. వెదకువానికి విషయము తెలియవలెను. బ్రౌను ఉత్తచేతులతో ఆ గడప త్రొక్కలేదు. పదునైదేండ్లుగ ఏ కవి యేమి వ్రాసెను, ఏ గ్రంథము దొరకినది, ఏది దొరకలేదు అనునది చేతివ్రాతతో వ్రాసికొనుచు వచ్చినవాడు. అట్టివాడు అడిగినపుడు గ్రంథపాలకునికి ఆ ప్రశ్న భారము కాదు. చీకటికొట్టులోనికి దీపము వచ్చినట్లగును. పైగా, తనకు కావలసిన నాలుగు పుస్తకములు చూచుకొని పోక, తరువాత వచ్చువారికి పనికివచ్చు పట్టికకు తోడ్పడెను. విల్సను ఆయనను ఆదరించుటలో వింత యేమున్నది?

ఇచ్చట కథను కొంచెము నిలిపి, మన జిల్లాల విషయము చెప్పవలసియున్నది. గుంటూరు జిల్లా 1859లో రద్దయి కృష్ణాజిల్లాలో కలసిపోయెను. 1904లో మరల ఏర్పడెను. ఈ నడిమి నలుబదియైదేండ్ల కాగితములను గుంటూరు పేరుతో అడిగినచో ఏమి దొరకును? 1883లో గోర్డను మెకంజీ వ్రాసిన కృష్ణాజిల్లా మాన్యువలును అడుగవలెను. నరసరావుపేట, బాపట్ల, పలనాడు అన్నియు అందున్నవి. ఒంగోలు అంతకుముందు నెల్లూరు జిల్లాలోనిది. కావున ఒంగోలు, అద్దంకి, కందుకూరు, దర్శి ప్రాంతముల శాసనములు కావలసినవారు 1905లో బట్టర్‌వర్తును వేణుగోపాలశెట్టియు ప్రకటించిన నెల్లూరు జిల్లా శాసనములను తిరుగవేయవలెను. బాస్వెలు వ్రాసిన 1873 నాటి నెల్లూరు మాన్యువలును అట్టిదే. ఒంగోలు 1904లో గుంటూరునకు చేరి, 1970లో వేఱు జిల్లాయై, పిమ్మట ప్రకాశం పేరు దాల్చెను. 2022లో బాపట్ల, పలనాడు జిల్లాలు క్రొత్తగా వెలసినవి. ఊరు కదలలేదు; దాని కాగితములు మాత్రము నాలుగు పేర్లక్రింద నాలుగు చోట్ల చేరినవి. ఊరిపేరొక్కటియే చెప్పి ఊరకున్నవానికి గ్రంథపాలకుడేమి చేయగలడు? ఏ కాలమునాటి సంగతియో చెప్పినచో, ఆయనయే నెల్లూరు సంపుటమును తెచ్చి చేతికిచ్చును.

కాలమును చెప్పుటయందును చిక్కు కలదు. మన యిండ్లలోని పత్రములందు నందన, విజయ యని సంవత్సరనామములుండును. శిస్తు రసీదులందు ఫసలీయుండును. ఫసలీకి 590 కలిపినచో అది ఆరంభమైన క్రీస్తుశకవర్షము వచ్చును. డొక్కల కఱవు ఫసలీ 1242. ఇక పేర్ల వ్రాతయో, పాత ఇంగ్లీషు కాగితములలో గుంటూరునకు చివర ఓ యను అక్షరమును రెండుమాఱులు వ్రాసెడివారు, మచిలీపట్టణము మసూలిపటామైనది, విజయవాడ బెజవాడయే. మిరప యని వెదకినచో కానరానిది కాప్సికము క్రింద నుండవచ్చును. పత్తి, ప్రత్తి, దూది మూడును వేఱువేఱు చోట్ల చేరియుండవచ్చును. నేడు పుస్తకముల పట్టికలు కంప్యూటరు తెరమీదికి వచ్చినవని మన పిల్లలు సంతోషించుచున్నారు. తెరకును పేరే చెప్పవలెను గదా! తప్పు పేరు చెప్పినచో అది లేదనును. గ్రంథపాలకుడైనచో, నీవడుగదలచినది ఇదియా యని ఎదురు ప్రశ్న వేయును. ఆ ఎదురు ప్రశ్నకు విసుగుకొనువారు గ్రంథాలయములకు పోకుండుటే మేలు.

కొందఱు తమ పనియేమో చెప్పుటకు సంకోచింతురు. వంశచరిత్ర కొఱకని చెప్పిన నవ్వుదురేమోయని, ఏవైన పాత పుస్తకములున్న చూపుడని అడుగుదురు. ఇంతకంటె చేటు లేదు. వైద్యుని యొద్దకు పోయి ఏదైన మందిమ్మని అడుగువాడుండునా? ఏ ప్రశ్నకు సమాధానము కావలెను, ఇంతవఱకేమి చూచితిమి, ఎచ్చట ఆగిపోతిమి, ఎన్నాళ్లలో కావలెను, ఇవి ఒక కాగితముమీద వ్రాసికొనిపోయినచో సగము పని గడపలోనే తీఱును. వీలైనచో ముందుగ ఒక జాబు వ్రాయుట మఱింత ఉచితము. పాత పత్రికల సంపుటములను దింపుటకు నిచ్చెన వేయవలెను, దుమ్ము దులుపవలెను. అప్పటికప్పుడు అడుగువానికంటె, ముందుచెప్పి వచ్చువానికి ఎవరైనను తీరికగ చేసిపెట్టుదురు.

ఇట్టి పనికి దూరదేశము పోనక్కఱలేదు. చీరాలకు చేరువనున్న వేటపాలెమున ఊటుకూరి వెంకటసుబ్బరాయ శ్రేష్ఠిగారు 1918లో నాటిన గ్రంథాలయమే నేటి సారస్వత నికేతనము. 1929లో మహాత్మాగాంధిగారు అచ్చటి భవనమునకు శంకుస్థాపన చేసిరి. పాత తెలుగు పత్రికల సంపుటములకు అది పెట్టినది పేరు. పరిశోధకులు దూరదేశములనుండియు వచ్చి ఆ నేతపల్లెలో దినములు గడపి పోవుచుందురు. మన యువకులు జీడిపప్పునకై వేటపాలెము పోవుచు ఆ గుమ్మము ముందునుండియే మరలివచ్చుట మేమెఱుగుదుము.

బ్రౌను చరిత్రమునకు మరలుదము. లండనులో గుర్తించిన ఆ లేడెను ప్రతులు అచ్చటనే యున్న ఎవరికిని ఉపయోగము లేదని ఆయన తలచెను. వానిని చదువగలవారు మద్రాసు ప్రాంతముననే యున్నారు. అందులకై కుంపిణీవారిని ప్రార్థించి, పట్టుబట్టి, వానిని మద్రాసునకు చేరునట్లు చేసెను. ఒక గ్రంథాలయములోని పుస్తకములను, అవి ఎవరికి పనికివచ్చునో వారి దేశమునకు పంపింపజేయుట సామాన్యమైన కార్యము కాదు. పట్టిక తయారు చేయుటకు తోడ్పడినవాడు అడిగినందుననే కుంపిణీవారు వినిరని మా విశ్వాసము. తెలియని వస్తువును ఎవరు పంపుదురు?

తానును మరల మద్రాసు చేరి, ప్రభుత్వమునకు అనువాదకుడుగను, పిమ్మట తపాలాశాఖకు అధిపతిగను పనిచేయుచు, పగలు కచ్చేరియు, తక్కిన వేళలందు తెలుగుగ జీవించెను. 1840లో వ్యాకరణము వెలువడెను. జూలూరి అప్పయ్యగారు మొదలగు పండితుల తోడ్పాటుతో వసుచరిత్ర, మనుచరిత్రలు సవ్యాఖ్యానముగ అచ్చుపడినవి. 1852 మొదలు నిఘంటువులు వచ్చినవి. పండితులు గ్రామ్యమని త్రోసివేసిన మాటలను, సంతలోను కచ్చేరిలోను పొలములోను పలుకు మాటలను ఆయన నిఘంటువుకెక్కించెను. అందువలననే మన కాపులు పత్తిచేలలో వాడు మాటలకు సైతము అందు అర్థము దొరకుచున్నది. ఆ కాలపు దస్తావేజును చదువబోవువాడు శబ్దరత్నాకరముతోపాటు దీనిని ప్రక్కన నుంచుకొనక గడవదు.

ఇన్నేండ్లు అప్పుచేసి కూర్చిన తన వ్రాతప్రతుల రాశినంతయు ఆయన అమ్ముకొనలేదు. స్వదేశమునకు మూటగట్టుకొని పోలేదు. మద్రాసు లిటరరీ సొసైటీ గ్రంథాలయమున ఒప్పగించెను. మెకంజీ ప్రతులలో ఇచ్చట మిగిలినవి, లేడెను ప్రతులు, బ్రౌను ప్రతులు, ఈ మూడు రాశులే 1869లో ఏర్పడిన మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునకు మూలధనమైనవి. తరువాతి కాలమున తెలుగు కావ్యములను పరిష్కరించిన పండితులు ఆ భాండాగారపు మెట్లెక్కినవారే. బ్రౌను సరిచూపించి వ్రాయించిన ప్రతులు వారికి దారిచూపినవి. మన జిల్లాల కైఫీయతులును ఆ మెకంజీ ప్రతులలోనివే.

ఇంకొక సంగతి. మన సభ్యుల యిండ్లలో అటుకలమీదను, ధాన్యపు గాదెల ప్రక్కనను నేటికిని తాళపత్రములు, పాత లెక్కలపుస్తకములు, పత్తిమిల్లుల చిఠాలు, సంతకముల దస్తావేజులు పడియున్నవని వినుచున్నాము. చెదలు వానికి పాఠకులైనవి. ఇంటికి సున్నము వేయించునపుడు వానిని భోగిమంటలో వేసినవారును కలరు. ఒక పట్టిక వ్రాసి, సమీప గ్రంథాలయమునకు ఒప్పగించి రసీదు పుచ్చుకొనుటకు రెండు దినములకంటె పట్టదు. దీనికై కొంత ద్రవ్యము కేటాయింపవలెనని మేము కార్యనిర్వాహకవర్గమునకు విన్నవించియున్నాము. ఈ మహాసభయందు పోషకులు దీనిని ఆలోచింతురు గాక.

బ్రౌను 1850వ దశాబ్దము నడుమ ఉద్యోగమును వీడి లండను చేరెను. వివాహమాడలేదు. 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగునకు ఆచార్యుడయ్యెను. నేర్చుకొనుటకు వచ్చినవారు ఏ కొందఱో. వృద్ధాప్యమునను తన నిఘంటువును దిద్దుచునే యుండి, 1884వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన ఎనుబదియాఱేండ్ల ప్రాయమున దేహము చాలించెను. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికయందు ఆయన సమాధి యున్నది. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును కందుకూరి వీరేశలింగము పంతులుగారును మఱి యిద్దఱును పరిష్కరించి, 1903లో రెండవమాఱు అచ్చొత్తించిరి.